తీగ చుట్టిన తొక్కు డబ్బా

మా జగిత్యాల వైపు నక్సలైట్ అన్నలకూ పోలీసులకూ మధ్య జనం నలిగిపోతున్న రోజులవి. దుబాయ్‌లో ఉన్న మా ఆయన దగ్గరికి పాపతో మొదటిసారి విమానంలో బయలుదేరాను. నూనె కారకుండా తొక్కు డబ్బాకు ఇనుప తీగ చుట్టాను. హైదరాబాద్ విమానాశ్రయంలో దాన్ని చూసి బాంబేమోనని తనిఖీ పోలీసు వెనక్కి జరిగాడు.

“ఏ ఊరు?”

“జగిత్యాల, సార్. గా డబ్బాల ఉన్నది మామిడికాయ తొక్కు.”

ఊరి పేరు వినగానే చుట్టూ ఉన్నవాళ్లంతా దూరం జరిగారు. ఆ పోలీసు తుపాకీ సవరించుకుని, “నువ్వే ఇప్పు” అన్నాడు.

“బిడ్డా, నువ్వు అవుతలికి పో” అన్నాను పాపతో.

“నేను పోనమ్మా!” పాప నా కొంగు వదల్లేదు.

తీగ విప్పి మూత తీశాను. వెల్లుల్లి వాసన గుప్పుమంది. అందరూ నవ్వారు. నేను కూలబడి ఏడ్చాను.

ఆ తొక్కు స్వయంగా కలిపింది నేనే. అయినా మూత తీసేటప్పుడు అందరిలాగే నేనూ భయంతో కళ్లు మూసుకున్నాను. అదే ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.