మంచిర్యాల తపాలా ఆఫీసులో మూడు నిమిషాలు

చెన్నూరులో ఉదయం ఏడున్నర బస్సుకు రెండు వందల మంది ఎక్కారు. సరే, కండక్టరు నాకు తెలిసినవాడు గనుక సరిచేసి రాస్తున్నాను: నిలబడ్డవాళ్లతో కలిపి అరవై. నాకు, కోడలు శాంతకు, మనుమరాలు రాజికి కలిపి ఒకటిన్నర సీటు దొరికింది.

మేము పోతున్నది టెలిఫోన్‌లో డాక్టరుతో మాట్లాడడానికి. రాజికి ఏడేళ్లు. ఒళ్లు ఎదిగింది గాని బుద్ధి నెమ్మదిగా ఎదుగుతోంది. తన చేత్తో తినదు. రెండు మూడు మాటలకు మించి రావు. వానాకాలంలో హైదరాబాదు పెద్ద దవాఖానాకు తీసుకుపోతే, డాక్టరు దగ్గర కూర్చోబెట్టుకుని, ఆడించి చూసి, తల్లి ఇంట్లో నేర్పాల్సినవి చెప్పాడు. రైలు కూతకు పిల్ల దారి పొడుగునా వణికిందని విని, "ఊరికే ఇంత దూరం తిప్పకండి. మంచిర్యాల నుంచి ట్రంకు కాల్ చేసి ఎలా ఉందో చెప్పండి. తర్వాత ఏం చేయాలో నేను చెబుతాను" అన్నాడు. అదీ ఈ ప్రయాణం.

పక్కన సీతాఫలాల గంపతో కూర్చున్న ఆమె రాజిని చూసి, "బిడ్డ ఉలుకది, పలుకది. ఏమైందే?" అంది.

"పెద్దగైనంక కలెక్టరమ్మ అయితది. గందుకే మాటలు దాచుకుంటుంది" అన్నాను. ఆమె నవ్వింది. శాంత నవ్వలేదు.

తొమ్మిదిన్నరకు తపాలా ఆఫీసులో కాల్ రాయించాము. "లైను దొరికేదాక కూసోండ్రి. హైదరాబాద్‌కు మస్తుమంది ఉన్నరు" అన్నాడు గుమాస్తా. మీరూ పోయేటట్లయితే సద్ది కట్టుకుని పోండి. ఎదురు హోటల్లో చాయ్ బాగుంటుంది, పూరీ మాత్రం చెప్పులాగుంటుంది.

మధ్యాహ్నం దాటాక గంట మోగింది. ఫోను నేనే అందుకున్నాను. పిల్ల ఎలా ఉందని డాక్టరు అడిగాడు. మా దిక్కున, ఎవరైనా పెద్దమనిషి ఎట్లున్నరని అడిగితే, కష్టాలు చెప్పడం ఆయన మేలును తప్పుపట్టినట్టు. పైగా నా నోరు సంగతి మీకు తెలిసిపోయింది. "మీ దయతోని మంచిగున్నది డాక్టర్ సాబ్! కంచంల బువ్వంత తన చేత్తోనే తింటున్నది! పది మాటలు వచ్చినయి!" అని కేకలేశాను. రాజి చెవులు మూసుకుంది.

డాక్టరు ఎంత సంతోషించాడో! "అయితే తల్లి తినిపించడం ఇక పూర్తిగా మానేయాలి పెద్దాయనా. ఆకలేస్తే తనే తింటుంది."

ఆ మాట నేను పైకి చెప్పగానే శాంత ముఖం తెల్లబోయింది. నలుగురిలో నా ముందు తలెత్తి మాట్లాడని కోడలు, నా చొక్కా పట్టుకుంది.

"పస్తుంటది మామా! నిజం చెప్పు. ఆయనకు బిడ్డ కనవడది గదా. మనం చెప్పిందే ఆయన చూసేది."

"డాక్టర్ సాబ్, అబద్ధం చెప్పిన. తింటలేదు" అని ఫోను శాంత చేతికిచ్చాను. తలకిందులుగా పట్టుకుంటే గుమాస్తా సరిచేశాడు. ఆమె కేకలేయలేదు.

"ముద్ద చేతిల పెడితే పట్టుకుంటది సార్. నోటిదాక తెస్తలేదు, నడుమల ఇడుస్తది."

అవతలి మాటలకు ఆమె తలూపుతుంటే గుమాస్తా, "ఊఁ అనవమ్మా, తలూపితే ఆయనకేం ఎరుక? మూడు నిమిషాల టైం అయిపోవట్టె!" అని తొందరపెట్టాడు.

ఫోను పెట్టేసి, తన గడ్డం ముట్టి చూపిస్తూ నాకు చెప్పింది: "తినిపియ్యుడు మానొద్దన్నడు మామా. ముద్ద చేతిల పెట్టి, గదువ దాక నేను లేపాల్నట. అక్కడ ఆగాల్నట. మిగిలిన దూరం తననే పోనియ్యాల్నట. వచ్చే నెల మళ్ల ఫోన్ చేయాల్నట."

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఫోను తల్లి చేతికివ్వండి. నాలాంటి ముసలివాణ్ణి చాయ్ తాగడానికి పంపించండి.

తిరుగు బస్సు మూడింటికి. శాంత సద్ది విప్పి, జొన్నరొట్టె తునక రాజి చేతిలో పెట్టి, ఆ చేతిని గదువ దాకా లేపి ఆగింది. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. తునక నా ధోతి మీద పడింది.

"నోట్లె పెట్టరాదా, పిల్ల ఏడ్వవట్టె!" అంది ముందు సీటు ముసలమ్మ.

"ఆగాలె అవ్వా" అంది శాంత, ఇంకో తునక పెడుతూ.

ఈసారి ఆ చేయి వణికి, చెంపకు తగిలి, జరిగి జరిగి నోటికి చేరింది. నములుతూ రాజి తన చేతినే వింతగా చూసుకుంది. రొట్టెంతా తిన్నదని రాయబోయి ఆగాను. తిన్నది ఒక్క తునక. మిగతాది తల్లే తినిపించింది. వచ్చే నెల డాక్టరుకు శాంత చెప్పబోయేదీ ఇంతే.