మాల తీసి ఇంటికి పంపిన మనిషి

మంగళవారం పొద్దున దుకాణం షట్టర్ సగం ఎత్తానో లేదో, పక్క దారాల దుకాణం భాయ్ రోడ్డు మీదికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "సేట్, మీ గురుస్వామి గుజర్ గయే. ఫజర్ నమాజ్ టైంల పోయిండంట," అన్నాడు. నేను షట్టర్ మళ్లీ కిందికి లాగాను. పత్తర్‌గట్టిలో ఇరవై ఏళ్లకు పైగా జరీ అంచులు, గోటాలు అమ్ముతున్నాను. బోణీ కాకుండా దుకాణం మూసింది మా బాపు పోయిన రోజు ఒకసారి, మళ్లీ ఆ రోజే.

ఇంటికి వెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె ఆయనతో ఒక్కసారి కూడా మాట్లాడి ఎరగదు. పిండి చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి, "నేను సుత వస్త," అంది. ఎందుకని నేను అడగలేదు.

ఆయన గురించి రాయాలంటే నా గురించి కొంత చెప్పక తప్పదు. సిగ్గుగానే ఉంది. యాభై దాటినవాణ్ణి, పెళ్లీడుకొచ్చిన కూతురున్నవాణ్ణి. కానీ నాలుగు మంచి మాటలు రాసి అసలు సంగతి మింగేస్తే, ఆయన బతికినన్నాళ్లూ దేనితో కొట్లాడారో ఆ పనే నేను మళ్లీ చేసినట్టవుతుంది. అందుకని చెబుతున్నాను.

ఆయన పాతబస్తీలో ఒక సర్కారు దవాఖానాలో కాంపౌండర్. సన్నటి మనిషి, తెల్లటి పొట్టిచేతుల చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెర. మందు సీసాకు కాగితం పట్టీ అంటించి, ఒక్కో మోతాదుకు ఒక్కో గాటు పెట్టి ఇచ్చేవారు. రోగిని ఏదైనా అడగాల్సి వస్తే సీసాను వెలుతురుకు ఎత్తి, దాన్నే చూస్తూ అడిగేవారు. "మొఖం దిక్కు చూస్తే మొగోడు అబద్ధం చెప్తడు. సీసా దిక్కు చూస్తే నిజం చెప్తడు," అనేవారు.

ఇంకో అలవాటుండేది. డ్యూటీకి నడిచి వస్తూ, గోడల మీద అంటించిన 'మర్దానా తాకత్' అనే మగతనం మందుల కాగితాలను గోటితో గీకి పీకేసేవారు. మళ్లీ మర్నాటికి కొత్తవి వెలిసేవి. మళ్లీ పీకేవారు. గోళ్ల సందుల్లో మైదాపిండి జిగురు ఎండిపోయి ఉండేది. ఏమిటీ చాదస్తమని నవ్వితే, "రోగం కన్న ఈ కాగితాలే ఎక్కువమందిని ఖరాబు చేసినయి," అనేవారు. మేం నవ్వుతూనే ఉండేవాళ్లం.

కార్తీకమాసం వస్తే ఆయన మాకు గురుస్వామి. అయ్యప్ప మాల వేసుకున్న పదిహేను, ఇరవై మందికి పెద్ద దిక్కు. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఒంటిపూట భోజనం, చాప మీద పడక, నలభై ఒక్క రోజుల బ్రహ్మచర్యం. ఎనభైల మొదట్లో నగరంలో ఇలాంటి స్వాములు ఇంకా తక్కువే. మా బజారు వెనక ఒక మేడగదిలో పొద్దునా సాయంత్రం భజన జరిగేది. ప్రసాదం వడ్డించేది ఆయనే, చివర తినేదీ ఆయనే. బెల్లం పాయసం మాత్రం ముట్టేవారు కాదు. "నాకు వాసన చాలు స్వామీ," అని జొన్నరొట్టె విప్పుకునేవారు.

నలభై రెండో ఏట నా ఒంట్లో ఏదో మారింది. భార్య దగ్గరికి వెళ్తే శరీరం మాట వినేది కాదు. ఒకసారి అలసట అనుకున్నాను. రెండోసారి దుకాణం ఫికర్ అనుకున్నాను. మూడోసారికి భయం పట్టుకుంది. భయం పట్టుకున్నాక ఇక చెప్పేదేముంది! ఉస్మాన్‌గంజ్ దిక్కు గుడారం వేసుకున్న ఒకాయన ఇచ్చిన పొడి తేనెలో రంగరించి తిన్నాను. బాదంపాలు తాగాను. కడుపు పాడైంది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఆ ఏడు మాల వేసుకున్నది భక్తితోనే, అబద్ధమెందుకు. కానీ వేసుకున్న మొదటి వారంలోనే ఒక సుఖం తెలిసింది. నలభై ఒక్క రోజులు నా నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. నాకు నేను కూడా జవాబు చెప్పుకోనక్కర్లేదు. మాల తీశాక హనుమాన్ దీక్ష పట్టాను. ఆ తర్వాత సోమవారాలు, శ్రావణం, అధికమాసం. పంచాంగంలో నాకు పనికిరాని రోజంటూ లేకుండా పోయింది. నా చాప ముందుగదికి మారి అక్కడే ఉండిపోయింది.

అలా మూడేళ్లు. చిక్కిపోయాను. గొంతు ఎండిపోయేది, లీటర్లకు లీటర్లు నీళ్లు తాగేవాణ్ణి. బజారంతా, "స్వామి మొఖంల తేజస్సు చూడుండ్రి, ఏం నిష్ఠ!" అనేది. నేనూ నమ్మాను. తేజస్సు అంటే ఇలా నీరసంగానే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

నా భార్య ఒక్క మాట అనలేదు. పూలు పెట్టుకోవడం మానేసింది, అంతే. మూడో ఏడు మాల వేసుకున్న రోజు మాత్రం బట్టలు మడతపెడుతూ, "ఈసారి కొండ నుంచి వచ్చి మళ్ల ఇంకో దీక్ష అంటే, బిడ్డను తీసుకొని నిజామాబాద్ మా అన్న దగ్గరికి పోత. మీకు సన్న్యాసమే ముద్దైతే గట్లనే కానియ్యుండ్రి," అంది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా చెప్పింది. ఆమె అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. భజనకు వెళ్లిపోయాను.

కొన్ని రోజులకు, ఒక పొద్దున హారతి వేళ మేడగది నేల మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. కుంకుమ ఒలికిందనుకున్నాం. గురుస్వామి తడిబట్టతో ఒక్కో మచ్చా తుడుచుకుంటూ, వంగి వంగి వచ్చి, నా కాలి దగ్గర ఆగారు. మడమలో ఆకుపచ్చ గాజు పెంకు ఒకటి లోపలిదాకా దిగి ఉంది. గాజుల గల్లీలోంచి నడిచి వస్తుంటే గుచ్చుకున్నట్టుంది.

"నొప్పి తెలుస్తలేదా స్వామీ?"

"లేదు గురుస్వామీ. అంతా అయ్యప్ప దయ," అన్నాను. పైగా గర్వంగా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు శరణం పలికారు కూడా.

ఆయన పలకలేదు. "దయ కాదిది. దవాఖానకు నడువు," అన్నారు.

అక్కడ పెంకు తీసి కట్టు కట్టాక, ఒక చిన్న సీసా చేతికిచ్చి మూత్రం పట్టుకు రమ్మన్నారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో కొన్ని చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద పట్టారు. నీలం పచ్చబడింది, పసుపుకు తిరిగింది, చూస్తుండగానే ఇటుక రంగైంది. ఆయన గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, దాన్నే చూస్తూ అడిగారు.

"దూప మస్తు అయితదా? నీళ్లు మస్తు తాగుతవా?"

"అయితది."

"ఇంట్ల ఎట్లుంది?"

నాకు అర్థమైంది. అర్థం కానట్టు, "దీక్షల ఉన్న కదా గురుస్వామీ," అన్నాను.

"దీక్ష సంగతి అడుగుతలేను. దీక్ష లేనప్పటి సంగతి అడుగుతున్న."

మెడలో మాలతో, నలభై అయిదేళ్ల మనిషిని, ఆ బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన అటు తిరిగి గొట్టం కడగడం మొదలుపెట్టారు. నా ఏడుపు ఆగేదాకా ఆ ఒక్క గొట్టాన్నే కడిగారు.

లోపల పెద్ద డాక్టరు, గురుస్వామి ముందే గుడారం పొడి దాకా నా చేత అన్నీ చెప్పించి, వివరంగా చెప్పారు. చక్కెర రోగం నరాలను, రక్తనాళాలను దెబ్బతీస్తుందన్నారు. కాలికి స్పర్శ ఎలా పోయిందో ఇదీ అలాగే పోయిందన్నారు. రక్తపోటు, పొగ, తాగుడు, దిగులు కూడా మగవాడికి ఇదే చేస్తాయట. మందులతో, పథ్యంతో రోగం అదుపులోకి వస్తే కొంత మేలు జరగవచ్చు, అంతా తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నారు. బయటికి వచ్చాక గురుస్వామి తన పద్ధతిలో చెప్పారు. "వయసు మీద పడితే నడక నెమ్మదైతది. గది రోగం కాదు. నడిచేటోడు నడుమల కూలబడ్డడంటే రోగం. కాలు విరిగినోడు సిగ్గుపడతడా? నీకెందుకు సిగ్గు? ఆ గుడారపోని పొడి మూసీల పారెయ్యి."

ఆ కాలితో కొండ ఎక్కకూడదని డాక్టరు ఆజ్ఞ. నేను గురుస్వామి చేతులు పట్టుకున్నాను. "కొండకు రాను, సరే. మాల మాత్రం ఉండనియ్యుండ్రి. మందులు పనిచేసేదాక."

ఆయన నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. మొదటిసారి సీసా వైపు కాక నా ముఖం వైపు చూశారు.

"నాకు యాభై నిండకముందే పట్టింది ఇది. మందులు కలిపేటోన్ని. పదిమందికి చెప్పేటోన్ని. ఇంట్ల చెప్పనీకి నోరు రాలే. ఎనిమిదేండ్లు డ్యూటీ చాటుకు, మాల చాటుకు దాక్కున్న. మా ఇంటామెకు జ్వరం ముదిరినప్పుడు నా చెయ్యి పట్టుకొని అడిగింది, 'నాల ఏం తక్కువైందయ్యా?' అని. చెప్పాలె. ఇయ్యాల వద్దు, రేపు పొద్దుగాల చెప్తనుకున్న." జేబులోని కత్తెరను వేళ్లతో తడిమారు. "పొద్దుగాల లేచేసరికి ఆమెకు తెలివి లేదు. మళ్ల రాలే."

ఆయన లేచారు. "దేవుడు పరదా కాదు స్వామీ, ఎనక దాక్కోనీకి. మాల నేనే తీస్త. ఇంటికి పోయి మొదలు చెప్పు. తర్వాతనే తిను."

ఆ సాయంత్రం పటం ముందు నా మెడలోంచి మాల తీశారు. యాత్రకు ముందే మాల తీసినవాణ్ణి చూసి తోటి స్వాములు ముఖాలు తిప్పుకున్నారు. ఆయన వాళ్లతో ఒకటే మాట అన్నారు. "పానం బాగలేదు. నేను తీసిన. పాపముంటే నాది."

నేను వెళ్లేసరికి నా భార్య బియ్యం ఏరుతోంది. ఖాళీ మెడ చూసి చేయి ఆపింది. ఎదురుగా కూర్చుని, తలెత్తకుండా, ఆ చేటలోని బియ్యాన్నే చూస్తూ మొత్తం చెప్పాను. "నేనే ముసల్దాన్నైన, నా మొఖం చూడ బుద్ధైతలేదేమో అనుకున్న," అంది. అంతలోనే ఆమెకు కోపం వచ్చింది. "మూడేండ్లు! దేవునికి అబద్ధం, నాకు అబద్ధం! గీ ముక్క చెప్పనీకి మూడేండ్లా?" అని దోసెడు బియ్యం నా మొహాన కొట్టింది. తలంబ్రాల తర్వాత ఆమె నా మీద బియ్యం పోయడం అదే. ఇద్దరం ఏడ్చాం, ఆ తర్వాత ఇద్దరం కలిసే ఆ గింజలు ఏరాం. నా చాప లోపలి గదికి వెళ్లింది. నిజామాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు.

అన్నీ తిరిగి వచ్చాయని చెప్పను. మందులు, జొన్నరొట్టె, తెల్లవారగానే ఇద్దరం కలిసి నడక. ఒళ్లు కోలుకుంది. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాటికి ఇద్దరం కలిసే బాధపడ్డాం. నేనొక్కణ్ణే పడ్డ ఆ మూడేళ్ల నరకం ముందు అది బాధే కాదు. ఇప్పుడు ఒకరి కాళ్లకు ఒకరం నూనె రాసుకుంటూ పిల్ల పెళ్లి గురించి లొల్లి పెట్టుకుంటాం.

గురుస్వామి ఆ తర్వాత ఎన్నడూ వివరం అడగలేదు. నేను మాల వేసుకోవడం మానేశాను గనుక నన్ను స్వామీ అనడం మానేశారు. ఎదురుపడితే, "సేటూ, ఇంట్ల మంచిదేనా?" అనేవారు. "మంచిదే," అనేవాణ్ణి. అంతే, వెళ్లిపోయేవారు. ఎన్నిసార్లు భోజనానికి పిలిచినా రాలేదు. "నాకు తెలుసన్న సంగతి మీ ఇంటామెకు తెలుసు. నన్ను చూస్తే ఇబ్బంది పడతది," అనేవారు. రిటైరయ్యాక మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పోయిన నెల చూడటానికి వెళ్తే, ముఖమంతా ఉబ్బి ఉంది. అప్పుడూ అదే ప్రశ్న అడిగారు. జవాబు విని కళ్లు మూసుకున్నారు.

ఆయనకు పిల్లల్లేరు. కర్మ చేయడానికి అన్న కొడుకొకాయన వచ్చాడు. మేం వెళ్లేసరికి గురుస్వామిని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానానికి నీళ్లు కాచాలి, ఇంట్లో ఆడమనిషి లేదని ఆ అన్న కొడుకు దిక్కులు చూస్తున్నాడు. నా భార్య కొంగు నడుముకు చెక్కి లోపలికి నడిచింది. ఆమె వెనకే ఇంకొకామె లేచింది, తర్వాత మరొకామె. బంధువులేమో అనుకున్నాను. కాదు. వాళ్లలో వాళ్లకు పరిచయమే లేదు. గల్లీలో గోడవారగా నిలబడ్డ వాళ్ల మగవాళ్లను చూశాక నాకు తెలిసింది. అందరివీ నేల చూపులే, దవాఖానా బల్ల మీద కూర్చున్న రోజు నా చూపులాగే. ఆయన నీకెట్ల తెలుసు అని ఎవరూ ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆడవాళ్లు కట్టెలపొయ్యి రాజేశారు. పొగకో దుఃఖానికో కళ్లు తుడుచుకుంటూ గుండిగ దించి, నీళ్లు బకెట్టులోకి వంచారు. నా భార్య వంగి నీళ్లలో వేళ్లు పెట్టి చూసింది.

"మస్తు కాగినయి. కొన్ని చన్నీళ్లు కలుపుండ్రి, కాలుతది," అంది.

పక్కనున్నామె చెంబుతో చన్నీళ్లు పోసింది. నా భార్య మళ్లీ వేళ్లు పెట్టి చూసింది.