కోతకు ముందు అడిగే ప్రశ్న

పోయిన నెల మా అబ్బాయి నన్ను ఇక్కడ సౌదీలోని అభా ఊళ్ళోనే ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు, యువ సర్జన్ ఒకాయన నా మోకాలిని తాకనైనా తాకకుండా, తెరమీది బొమ్మ చూసి ఆపరేషన్ చేద్దామని తేల్చేశాడు. ఆ కాలితో నేను మెట్లెక్కుతానో, నేలమీద కూర్చుని భోంచేస్తానో అడగాలన్న ఊహే ఆయనకు రాలేదు. అలవాటు ప్రకారం ఇంటికి రాగానే ఈ నిర్లక్ష్యాన్నంతా డైరీలో రాసిపెట్టాను. కోపం తగ్గలేదు సరికదా, ఇదే ఊళ్ళో నేను ఆపరేషన్ థియేటర్లో మగనర్సుగా ఉన్న రోజుల్లోని మా అమెరికన్ పెద్ద సర్జనూ, ఆయన మాటల్లోనే నేనెరిగిన ఆయన ముత్తాతా కళ్ళముందు నిలిచారు.

ఆ ముత్తాత పంతొమ్మిదో శతాబ్దపు సర్జన్. పల్లెటూరి వైద్యుడొకరి వెంట గుర్రబ్బండిలో తిరుగుతూ పని నేర్చుకుని, వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం రాగానే సైన్యంలో చేరాడట. గుండు తగిలి నుజ్జయిన చేతిని తీసేయడమే అక్కడి వైద్యం. అలా చెయ్యి పోగొట్టుకున్న సిపాయి ఒకడు మెలకువ వచ్చాక, తాను వడ్రంగిననీ, రెండు వేళ్ళు మిగిల్చినా ఉలి పట్టుకునేవాణ్ణనీ అన్నాడట. ఆ మాట ఆయన్ను జీవితాంతం వదల్లేదు. అప్పటినుంచి ఏ చేతినైనా కోసేముందు దానితో ఏం పని చేస్తావని అడగడం నియమంగా పెట్టుకున్నాడు. తరువాత ఒక చిన్న పట్టణంలో స్థిరపడి, తోటివారు నవ్వినా వినక చేతులూ పనిముట్లూ మందునీళ్ళతో కడిగాకే కత్తి పట్టేవాడట. ముసలితనంలో వేళ్ళు వణకడం తానే ముందు గమనించి, ఎవరూ చెప్పకముందే ఆ కత్తిని కింద పెట్టేశాడంటే, నాకు అన్నిటికన్నా అదే గొప్పగా తోస్తుంది.

మా సర్జన్ ఆ నియమాన్ని వారసత్వంగా పాటించేవారు. కడప వైపు నుంచి వచ్చి ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తున్న ఒకామెకు, కత్తి గాయం చీముపట్టి కుడిచెయ్యి నల్లబడింది. మణికట్టు దగ్గర తీసేయాలని చిన్న డాక్టర్లందరూ అన్నారు. ఆయన మాత్రం, ఆ చేతితో ఏమేం చేస్తుందో తెలుగులో అడగమని నాకు చెప్పారు.

"ఈయప్పకెందుకన్నా నా పని? పెండ్లి సంబంధమేమన్నా చూస్తాన్నాడా?" అన్నదామె, అంత నొప్పిలోనూ.

ఆయన పట్టుబట్టి అనువదించమన్నారు. విని, ముందు మా ఆవిడనడగాలని చెప్పు అంటూ పకపకా నవ్వారు. అప్పుడామె గొంతు మారింది.

"చెయ్యి పోతే నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ ఎగ్జిట్ కొట్టిచ్చి ఊరికి పంపుతాడన్నా. నా బిడ్డ సదువు ఆడికే ఆగిపోతాది. గుడ్డలు పిండాల, రొట్టెలు ఒత్తాల, ఏం జేసేది నేను?"

ఎడమచేత్తో చేసి చూపించమన్నారాయన. ఆమె దుప్పటి కొసను మెలిపెట్టి చూపింది. ఆ పట్టును శ్రద్ధగా గమనించి, జబ్బు చేతి వేళ్ళను ఒక్కొక్కటే తాకి చూసి, చచ్చిపోయిన చివరి రెండు వేళ్ళే తీసి, అరచేతిలోని చీము తోడుదామని నిర్ణయించారు. జ్వరం దిగకపోతే మణికట్టుదాకా పోవలసిందేనన్న సంగతిని కూడా దాచకుండా నా చేతనే చెప్పించారు. జ్వరం పూర్తిగా దిగేదాకా ఉదయం, సాయంత్రం తానే వచ్చి కట్టు మార్చారు. పుండు మానాక ఒక రోజు వార్డులో తడి తువ్వాలు ఆమె చేతికిచ్చారు. ఆమె పళ్ళు బిగించి మెలిపెట్టింది. నీళ్ళు ఆయన బూట్లమీద పడ్డాయి.

"చూడన్నా, కారినాయి!" అని ఆమె, తడిసిన బూట్లను చూసుకుంటూ ఆయన, ఇద్దరూ నవ్వారు.

ఆనాడు మేము దక్కించుకోలేని ఎందరినో ఈనాటి యంత్రాలు దక్కిస్తున్నాయి. న్యాయం కోసం అదీ డైరీలో రాసుకున్నాను. అయినా ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ లేదు. రోగి చేసే పని ఏమిటన్నది ఇఖామా అనే నివాస అనుమతి కార్డు చూసి కంప్యూటరే నింపేస్తోంది. ఆమె కార్డులో ఇంటి పనిమనిషి అని మాత్రమే ఉండేది. గుడ్డలు పిండడానికి ఎన్ని వేళ్ళు కావాలో ఏ కార్డు చెబుతుంది?