సమాధానం మేస్త్రి పక్కకు తిరిగిన రోజు

1957 వానల్లో మా సమాధానం వీపు మీదికి ఇద్దరు మనుషులు బస్తా ఎత్తారు. మా కుటుంబంలో ఇంత కష్టపడి గెలిచిన గెలుపు మరొకటి లేదు. ఇదీ ఒక గెలుపేనా అని తెలియనివాళ్లు అడగవచ్చు. నెల్లూరు బియ్యం మిల్లులో నిండు బస్తాను ఎవడూ తనంతట తాను వీపుకెత్తుకోడు. మోసేవాడు వంగి నిలబడితే ఇద్దరు చెరో పక్క పట్టి ఎత్తుతారు. దాన్ని చెయ్యి వేయడం అంటారు. చెయ్యి వేసేవాళ్లు లేనివాడు కూలీల ముఠాలో లేనట్టే.

సమాధానం నా తమ్ముడి కొడుకు. క్రైస్తవ పాలెం వాడని నెలల తరబడి అతనికి ఎవరూ చెయ్యి వేయలేదు. బస్తాను అరుగు మీదికి దొర్లించుకుని, దానికి వీపు ఆనించి, ఒక్కడే లేపుకునేవాడు. ఒకనాడు రైలు పెట్టెలోంచి దించిన బియ్యం వానకు తడుస్తుంటే అందరూ పరుగెత్తారు. ఆ తొందరలో ముఠాలోని మాల్యాద్రి, హజరత్తయ్య అతనికి బస్తా ఎత్తారు. మరునాడు వాన లేదు. అయినా ఎత్తారు.

తర్వాత అతను వెనక్కి చూడలేదు. పెంకుటిల్లు కట్టాడు. కూతురు కరుణాకుమారిని హైస్కూల్లో వేశాడు. 1962లో అదే ముఠాకు మేస్త్రి అయ్యాడు. పల్లె బడిలో ఐదో తరగతి పాసై, పాలెంలో మంచినీళ్ల బావి తవ్వించి, చర్చికి గంట తెప్పించిన నాకు కూడా అంత పేరు రాలేదు. ఇంతవరకు తల ఎత్తుకుని రాశాను. ఇక మీదటిది తల దించుకుని రాయవలసినది.

కిందటి కార్తీకంలో మైపాడు దగ్గరి సముద్రపు పాలెం నుంచి వెంకయ్య అనే మనిషి మిల్లుకు వచ్చాడు. అలలు పెద్దవై చేపల వేట ఆగిపోయే నెలల్లో కూలి కోసం వచ్చాడు. మిల్లు షావుకారు అతన్ని ముఠాలో చేర్చుకోమన్నాడు.

హజరత్తయ్య ముక్కు మూసుకున్నాడు. "ఈయన మోసిన బియ్యానికి చేపల పులుసు కాచే పని లేదురా. అన్నం వండితే చాలు."

మాల్యాద్రి సమాధానం దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "చూడన్నా, నిన్ను కలుపుకున్నాం, బాగుండాది. అట్లని దోవన పోయే వాళ్లందరినీ కలుపుకుంటామా?"

ఆ మాట సమాధానానికి సూదిలా గుచ్చుకుంది. మేస్త్రిగా ఒక్క మాట అంటే చాలు, ఇద్దరు వెళ్లి చెయ్యి వేసేవాళ్లు. ఆ మాట అంటే తనను కూడా మళ్లీ బయటివాడిగా చూస్తారని భయపడ్డాడు. వెంకయ్యకు చీపురు ఇచ్చి, "రేపు చూద్దాంలే" అన్నాడు. ఆ రేపు చాలా రోజులు రాలేదు.

ఒక ఉదయం లారీ వచ్చి నిలబడింది. మనుషులు చాలలేదు. వెంకయ్య చీపురు పక్కన పెట్టి, బస్తాల వరస ముందుకు వచ్చి, వీపు వంచి నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. వంగినవాడు వంగినట్టే తల తిప్పి మేస్త్రి వైపు చూశాడు. సమాధానం పక్కకు తిరిగి లారీ డ్రైవరుతో మాటల్లో పడ్డాడు.

వెంకయ్య పై వరసలోని బస్తాను తానే లాక్కోబోయాడు. దానితో పాటు మరొకటి జారి కాలి మీద పడింది. ఎముక విరిగింది. అప్పుడు మాత్రం హజరత్తయ్యే ముందు పరుగెత్తి అతన్ని ఎత్తుకున్నాడు.

ఆసుపత్రికి వెంకయ్య భార్య మస్తానమ్మ వచ్చింది.

"మేస్త్రంటే నువ్వేనా అన్నా?" అని అడిగింది. "నీకు గూడా మొదట్లో ఎవురూ ఎత్తలేదంట గదా. మా ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా అదే చెప్పేవాడు. ఆ అన్నకు తెలుసు, ఆయనే పిలస్తాడు, తొందరపడగూడదు అని."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారపు రొట్టె అందుకోవడానికి సమాధానం లేవలేదు. నేను బయటికి పిలిచి గట్టిగా అడిగాను.

"నువ్వేమన్నా తోసినావా, కొట్టినావా? ఊరంతా చూసేటట్టు ఎందుకురా తల దించుకోనుండావు?"

"తొయ్యలేదు పెదనాయనా. పక్కకు తిరిగినా."

పదిమందిలో మా వాడు మేస్త్రి అని చెప్పుకు తిరిగిన నోరు నాది.

వేట మళ్లీ మొదలైంది. వెంకయ్య వాళ్ల పాలెంలో పెద్ద వల లాగేటప్పుడు ఇంటికొక మనిషి తాడు పట్టాలి. పట్టని ఇంటికి చేపల్లో వాటా లేదు. వెంకయ్య ఇంట్లో తాడు పట్టగలిగిన మగవాడు లేడు. సమాధానం మేస్త్రి పని మాల్యాద్రికి అప్పగించి, సముద్రానికి వెళ్లి, ఆ ఇంటి తరఫున తాడు పట్టాడు. పోయేముందు ముఠాతో ఒక మాట చెప్పాడు.

"వచ్చేటప్పుడు ఇద్దరం వస్తాం. ఆయనకు చెయ్యి వేసేదానికి మొదటి వాణ్ని నేను. రెండో వాడు ఎవురో మీరు అనుకోండి. లేదంటే నేను గూడా రాను."

మొన్న హజరత్తయ్య మా ఇంటి ముందు ఆగి, లోపలికి రాకుండా, "వాళ్లిద్దరూ ఎప్పుడొస్తారు పెద్దాయనా?" అని అడిగాడు. 'వాళ్లిద్దరూ' అన్నాడు. కట్టు విప్పాక వెంకయ్య కాలు నిలబడిందని సమాధానం కబురు పంపాడని చెప్పాను. వాళ్లు మిల్లుకు వచ్చేది 1965 మార్చి 15, సోమవారం.