నల్ల ఈక, పచ్చ ఈక

చాచా కళ్లు పోతున్నాయన్న సంగతి నాకు ఒక గాలం వల్ల తెలిసింది. కళ్లు పోతే దర్జీకి చేతులు పోయినట్టే. అది అందరికన్నా ఆయనకే బాగా తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు.

గల్ఫ్ దేశంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఫుజైరాలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆయనది కడప వైపు, నాకంటే పదేళ్లు పెద్ద. బజారులో ఆడవాళ్ల నల్ల అబాయాలు కుట్టే దుకాణంలో పని. నాది జగిత్యాల దగ్గర పల్లె. సముద్రంలో ఆగి ఉన్న ఓడలకు కూరగాయలూ నీళ్ల సీసాలూ చేరవేసే కంపెనీలో పికప్ నడుపుతాను. కరోనాకు గదిలో మూసిపెట్టిన రోజుల్లో దగ్గరయ్యాం. బయటికి వదలగానే మేం చేసిన మొదటి పని, పర్మిట్లు తీసుకుని గాలాలతో సముద్రం దగ్గరికి పోవడం. శుక్రవారం నాకు సెలవు. ఆయన దుకాణం జుమ్మా నమాజు అయ్యాకే తెరుస్తారు.

అక్కడ అందరూ గాలానికి రొయ్య ముక్క గుచ్చి వేసేవాళ్లు. చాచా మాత్రం మక్కీలు కట్టేవాడు. మక్కీ అంటే ఈగ. గాలానికి ఈకా దారమూ చుట్టి, నీళ్లలో చిన్న చేప కదిలినట్టు కనపడేలా చేసిన దొంగ ఎర అది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒక ఫిలిప్పీన్ నావికుడు మొదటిది ఇచ్చిపోయాడట. ఇంకొకరైతే దాన్ని తీసుకెళ్లి నీళ్లలో వేసేవారు. ఈయన బ్లేడుతో దాని చుట్లన్నీ విప్పి, ఎలా కట్టారో చూసి, మళ్లీ కట్టాడు. అప్పటినుంచి కోళ్ల దుకాణంలోని ఈకలు, అబాయాల అంచుల్లో మిగిలిన జరీ పోగులు మా గదికి చేరాయి. గదంతా కోడి వాసనని నేను పోట్లాడేవాణ్ని. “చేపల పులుసు తినేటప్పుడు రాదా వాసన?” అనేవాడు.

ఏ నీళ్లకు ఏ మక్కీ అన్నది ఆయన నిర్ణయమే. వెలుగు రాకముందు నల్లది. “చేప కింద నుంచి పైకి చూస్తాది, నాయనా. ఆకాశం మింద నీడ కనపడితే సాలు దానికి.” పొద్దు పొడవగానే వెండి జరీ చుట్టిన తెల్ల ఈక. నీళ్లు తేటగా ఉంటే చిన్నది. గాలి వీచి కలక బారితే నారింజ రంగుది, అదీ పెద్దది. కవళ్లనే చిన్న చేపల గుంపు ఒడ్డుకు వచ్చిందంటే పచ్చది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఎదురు చెప్పేవాణ్ని. ఆయన మాట విని వేసినవాడికి చేప పడేది, నాకు నాచు పడేది.

మక్కీలన్నీ గుండీలు పెట్టుకునే గళ్ల డబ్బాలో ఉండేవి. ఓడలకు సామాను సర్ది సర్ది నాకు స్టోర్ బుద్ధి పట్టుకుంది. ఏ వస్తువైనా సైజు ప్రకారం లేకపోతే చెయ్యి దురద పెడుతుంది. ఆ డబ్బాలో పెద్దదీ చిన్నదీ ఒకే గడిలో పడి ఉండేవి. చలికాలం మొదట్లో ఒక గురువారం, చాచా దుకాణంలో ఉండగా, డబ్బా బోర్లించి, తుడిచి, చిన్నవన్నీ ఎడమ వైపు, పెద్దవన్నీ కుడి వైపు సర్దేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

తెల్లవారుజామున రాళ్ల కట్ట మీద కూర్చున్నాక చాచా డబ్బా తెరిచి, చూడకుండానే మూల గడిలోంచి ఒకటి తీసి నాకిచ్చాడు.

“నల్లది. కట్టుకో.”

ఫోన్ లైటులో చూశాను. ముదురు పచ్చ.

“చాచా, గిది పచ్చది.”

“నల్లదే.”

“కండ్లు పోయినయా ఏంది నీకు?”

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆయన మక్కీ తీసుకుని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. తూర్పు వైపు తిప్పి చూశాడు. దారాన్ని గోటితో తడిమాడు. తర్వాత డబ్బాలోని గళ్లన్నీ వేళ్లతో ఒక్కొక్కటే తడుముతూ పోయాడు.

“డబ్బా ఎవరు ముట్టుకున్నారు?”

“నేనే. సాఫ్ చేసి మంచిగ సర్దిన.”

“ఎంత పని చేస్తివి, నాయనా.”

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన తిట్టలేదు. శుక్లాలని డాక్టరు చెప్పి ఏడాది దాటిందన్నాడు. తెలుపొక్కటే, అదీ కంటి దగ్గర పెట్టుకుంటే తెలుస్తోంది, నలుపూ నీలమూ పచ్చా అన్నీ ఒకటే మబ్బు. ఏ గడిలో ఏముందో గుర్తుపెట్టుకుని మక్కీలు తీస్తున్నాడు. దుకాణంలో దారం రీళ్లూ అంతే, కుడి చేతి పక్కన నలుపు, దాని పక్కన నీలం.

“మొన్న ఎవరో రీళ్లు జరిపినారు. నల్ల అబాయాకు నీలం దారంతో అంచు కుట్టినా. గిరాకీ తిరిగి తెచ్చె. ఇంకోసారి జరిగితే దుకాణం నడిపే ముదీర్ నీ పని ఖలాస్ అంటాడు. కండ్లు కనపడని దర్జీని ఎవురు పెట్టుకుంటారు? రంజాన్ అయినాక సెలవు ఉంది, అప్పుడు పోయి ఆపరేషన్ చేయించుకుంటా. అంతవరకు ఎవురికీ చెప్పొద్దు.”

డబ్బాను ముందులాగే సర్దుతానన్నాను గానీ ఏది ఎక్కడుండేదో నాకేం తెలుసు? తువాలు పరిచి మక్కీలన్నీ దాని మీద పోశాను. నేను ఒక్కోటి ఎత్తి రంగూ సైజూ చెప్తుంటే, దాని గడి ఆయన చెప్పాడు. ఏ గాలికి, ఏ నీళ్లకు, ఏ పొద్దుకు దాన్ని కట్టాడో కూడా చెప్పాడు. నేను ఇన్నాళ్లూ వాదించానే తప్ప వినలేదని అప్పుడు తెలిసింది. ఎండెక్కింది. పక్క రాయి మీది మలయాళీ అన్న మోచేతి పొడుగు పార చేపను లాగి, చూడమని కేకలేశాడు. మేం తలెత్తలేదు. ఆ రోజు ఒక్క గాలమూ నీళ్లలో పడలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు, డ్యూటీ దిగగానే చాయ్ వంకతో ఆయన దుకాణానికి పోయేవాణ్ని. నలుపు రీలు వట్టిగా వదిలి, నీలం దానికి అడుగున ఒక టేపు ముక్క, పచ్చదానికి రెండు అంటించాను. ఏ రీలైనా జరిగి ఉంటే మళ్లీ దాని చోట పెట్టేవాణ్ని. “ఈ డ్రైవర్‌కు ఎక్కడా చాయ్ దొరకదా?” అని ముదీర్ వెక్కిరించేవాడు. శుక్రవారాలు మక్కీని నేనే ఎంచేవాణ్ని. “నీళ్లెట్లున్నాయి?” అని చాచా అడిగేవాడు. కలకగా ఉన్నాయి, నారింజది కడుతున్నానంటే, “పెద్దదేనా?” అని అడిగి ఊరుకునేవాడు. నాకు భయమేసేది. ఆయనకు చేప పడకపోతే నా తప్పే కదా. పడినప్పుడు మాత్రం, నేను పట్టినప్పటికన్నా ఎక్కువ సంతోషించేవాణ్ని.

పండగ అయ్యాక, ప్రయాణం ముందు రోజు చాచా తనంతట తానే ముదీర్‌కు చెప్పేశాడు. నేనైతే అబద్ధం చెప్పమనేవాణ్ని. “రెండు కళ్లూ చేయించుకునే రా. నీ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచుతా” అన్నాడట. ఆ సంగతి వినగానే సంతోషించాల్సింది పోయి, ఈ మాట మొదట్లోనే అడిగి ఉంటే నాలుగు నెలలు ఇంత భయం ఎందుకని చాచా మీద కేకలేశాను. ఆయన నవ్వుతూ బట్టలు సర్దుకున్నాడు.

ఊరికి పోయాక ఫోన్ తక్కువైంది. కుడి కంటికి బాగా ఆలస్యమైందని, చూపు ఎంత వస్తుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత రెండు వారాలు ఏ కబురూ లేదు. ఆ రెండు శుక్రవారాలు నేను సముద్రం వైపు పోలేదు. చేతికి తోచక గదిలోనే కూర్చుని, వచ్చీ రాని చేతులతో మక్కీలు కట్టాను.

ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని సంచీతో వచ్చి నిలబడ్డాడు. చెప్పాపెట్టకుండా. చెప్పులు విప్పక ముందే నేను కట్టినవి చూసి, “ఇవి మక్కీలా, చచ్చిన బొద్దింకలా?” అని పడి పడి నవ్వాడు. ఏ దారం ఏ రంగో ఒక్కొక్కటే చెప్పాడు. ముదురు పచ్చను పచ్చ అన్నాడు. అప్పుడు తలెత్తి నన్ను చూసి నవ్వు ఆపేశాడు.

“ఇట్లా రా, నాయనా.”

గడ్డం పట్టుకుని నా మొహాన్ని కిటికీ వైపు తిప్పాడు.

“ఇదేంది, ఇంత నెరిసిపోయినావు? ఎప్పుడైందిది?”

“శాన రోజులైంది చాచా. గీ రెండు మూడేండ్లల్లనే.”

“నా పక్కనే ఉంటివి కదరా.”

వీడియో కాల్‌లో టోపీ పెట్టుకుని వెలుతురుకు దూరంగా కూర్చుంటాను, నా భార్యాపిల్లలకు కూడా ఈ తెలుపు సంగతి సరిగా తెలియదు. చాచా నా గడ్డం వదల్లేదు. బొటనవేలితో ఆ వెంట్రుకలను నిమురుతూ నాకంటే ముందు ఆయనే ఏడ్చాడు. ఆపరేషనైన కళ్లతో ఏడవొద్దని డాక్టర్లు చెప్పలేదా అని కసిరాను. ఆయన వినలేదు.