అక్కకు అర్థమయ్యేటట్టు

ఆ రోజు పొద్దున ఆఫీసు కాల్‌లో ఉండగా మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళం నెలకోసారి కలుస్తాం, ఆ గ్రూపు అది. మెసేజ్ మేమంతా అక్క అని పిలిచే ఆమె నంబరు నుంచి. డీపీలోని గులాబీ పువ్వు బొమ్మ పక్కన ఒకటే వాక్యం: "అమ్మ చనిపోయింది, అందరికి చెప్పమన్నడు నాన్న."

పాపం, అక్క వాళ్ళమ్మ పోయినట్టుంది అనుకున్నాను. "అయ్యో అక్కా" అని టైపు కూడా చేశాను. పంపబోతుంటే గుర్తొచ్చింది, ఆ పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మెసేజ్ రాసింది అక్క బిడ్డ. పోయింది అక్క.

డెంగీ. వానాకాలపు జ్వరమే కదా అని మాత్రలు మింగుతూ మూడు రోజులు షాపు తెరిచే ఉంచిందట. నాలుగో రోజు లేవలేకపోయింది. కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మస్కట్‌లో పనిచేసే బావ చివరిచూపు ఫోన్‌లోనే చూసుకున్నారు. ఆయన కోరుట్ల చేరేసరికి మూడో రోజు. ఇంటి ముందు టెంటు కింద కుర్చీలున్నాయి, మనుషులున్నారు, ఆమె లేదు.

ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెబుదామని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. రాస్తూ పోతే అది ఎలాగూ వస్తుంది, తప్పించుకోను.

ముందుగా ఒక మాట. అక్కకు ప్రోగ్రాములు రాయడం రాదు. కోరుట్ల బస్టాండు దగ్గర సందులో నెట్ సెంటర్ నడిపేది. జిరాక్సులు, గల్ఫ్ పోయేవాళ్ళ పాస్‌పోర్టు ఫారాలు, పింఛను దరఖాస్తులు, బీడీలు చుట్టే ఆడవాళ్ళ పీఎఫ్ కాగితాలు, ఇవీ ఆమె పనులు. షాపులో ఐదు కంప్యూటర్లుండేవి. మూలన ఉన్నదానికి కీబోర్డు సరిగా పనిచేయదు కాబట్టి దాని మీద కూర్చున్నవాణ్ణి ఎవరూ లెమ్మనరు. నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది దాని మీదే.

మాది రుద్రంగి. అమ్మానాన్నలిద్దరూ కూలికి పోయేవాళ్ళు. మా వాడలో ల్యాప్‌టాప్ అనేది ఎవరింట్లోనూ లేదు. డిగ్రీ రోజుల్లో కాలేజీ అయిపోగానే అక్క షాపులో దూరేవాణ్ణి. ఒకరోజు ప్రోగ్రాం ఎంతకీ నడవక తెరను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. ఆమె ల్యామినేషన్ చేసిన ఆధార్ కార్డుల మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తూ, ఎవన్ని తిడుతున్నవ్‌రా అని అడిగింది. నీకు అర్థం కాదులే అక్కా అన్నాను. కత్తెర పక్కన పెట్టేసింది.

"అర్థమయ్యేటట్టు చెప్పు. నేనేం ఎర్రిదాన్నా?"

చెప్పాను. ఇంగ్లీషు ముక్క దొర్లినప్పుడల్లా, గదేంది అని ఆపింది. ఆపిన ప్రతిసారీ నేను ఇంకొంచెం వెనక్కి పోయి, ఇంకొంచెం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. సగం చెప్పేసరికి తప్పెక్కడుందో నాకే కనిపించింది. ఆమె మళ్ళీ కత్తెర అందుకుంది. ఆ మూలలు కత్తిరించమని ఎవరూ అడగరు. జేబుల గుచ్చుతయి అనేది, అంతే. అన్నేళ్ళలో మూలలు కత్తిరించకుండా ఒక్క కార్డు ఆ షాపు దాటి పోలేదు.

మా సమావేశాలు అట్లా మొదలయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం గిరాకీ ఉండదని, నాలాగా కంప్యూటర్‌ను తిట్టుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పట్టుకురమ్మని చెప్పింది. మొదటిసారి నలుగురం. ఆ తర్వాత జగిత్యాలలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద గది దొరికింది. సిరిసిల్లలో ఒక మిత్రుడి నాన్న, సెలవు రోజున మరమగ్గాల షెడ్డు ఇచ్చేవాడు. మగ్గాల మధ్య సందుల్లో చాపలు పరుచుకుని, నూనె మరకలు అంటకుండా ల్యాప్‌టాపులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. నెలకొక ఊరు. ఎక్కడ పెట్టినా అక్క బస్సెక్కి వచ్చేది. ఆమె రాకపోతే సమావేశం నడవదు, ఎందుకంటే మాకు ఒక రివాజు ఉండేది. ఎవరు ఏం రాసుకొచ్చినా ముందు అక్కకు చెప్పాలి. ఆమె "సమజైంది" అన్నాకే మిగతావాళ్ళకు తెర చూపించాలి. అర్థం కాకపోతే "మల్ల చెప్పు" అనేది. సిగ్గుపడేది కాదు, విసుక్కునేది కాదు. బీటెక్ చదివినవాళ్ళు ఆమె స్టూలు ముందు చెమటలు పట్టి కూర్చోవడం నేను చూశాను.

సిరిసిల్లలో ఒకతను చీరల మీటర్లు లెక్కగట్టే ప్రోగ్రాం చెబుతుంటే, మరి చాలు ఆగు అని దానికి చెప్పేటోడెవడు అని అడిగింది. అతను వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ ప్రోగ్రాం ఎందుకు ఆగడం లేదో వారం రోజులుగా వెతుకుతున్నాడు మరి. ఇంకోసారి ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చిన అమ్మాయి, కూలీల హాజరు రాసుకునే యాప్ చూపించింది. ఏ రోజు గడి ఖాళీగా ఉంటే ఆ రోజు పనికి రానట్టే లెక్క వేశానంది. అక్క మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"లేదు వేరే, తెల్వదు వేరే బిడ్డా. ఫారంల గడి ఖాళీ ఇడిసినోడు లేదంటలేడు. ఎవరూ అడగలేదంటున్నడు."

ఇరవై ఏళ్ళు జనం ఫారాలు నింపిన మనిషి మాట అది. ఆ అమ్మాయి యాప్ మొత్తం మళ్ళీ రాసింది. నేను నా ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, నాదన్నట్టే చెప్పాను.

కోరుట్లలో సమావేశం ఉన్న రోజుల్లో కూడా ఎవరో ఒక ముసలమ్మ పింఛను కోసం వేలిముద్ర వేయడానికి వచ్చేది. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు అరిగిపోయి మెషిన్ పట్టుకోదు. అక్క తడిబట్టతో ఆ బొటనవేలు తుడిచి, తన చీరకొంగుకు ఒత్తి, మళ్ళీ పెట్టించేది. పది సార్లయినా సరే. అందాకా మేమంతా నోరుమూసుకుని కూర్చోవాలి. ఒకడు గొణిగితే, మీది ఆగితే ఏం కాదు, ఆమెకు మళ్ళీ రుద్రంగి నుంచి రావాలంటే బస్సున్నదా అని గదమాయించింది. మా ఊరి పేరే చెప్పిందేమిటా అని చూస్తే, ఆ ముసలమ్మ మా వాడ ఆమే. నేను గుర్తుపట్టలేదు, అక్క గుర్తుపట్టింది.

నా ఉద్యోగం ఆమె పెట్టిన భిక్ష అంటే ఒప్పుకునేది కాదు, తిట్టేది. కానీ నిజం అదే. ఇంటర్వ్యూకు ముందు నా ప్రాజెక్టు ఆమెకు ఐదుసార్లు చెప్పించింది. ఆరోసారి హైదరాబాద్ కంపెనీవాళ్ళకు చెప్పాను. మధ్యలో ఇంగ్లీషు తడబడినప్పుడు, ఎదురుగా అక్క కూర్చుందనుకున్నాను. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే షాపులో ఉన్నవాళ్ళందరికీ చాయ్ తెప్పించింది.

ఇక ఆ రెండో కారణం.

ఈమధ్య మా సమావేశాలు పలచబడ్డాయి. ఏ తప్పు వచ్చినా ఏఐని అడిగితే క్షణంలో చెబుతుంది, ఇక బస్సెక్కి రావడం ఎందుకు? ఇరవై మందిమి ఏడుగురమయ్యాం. అక్కకు కోపం రాలేదు. అది జవాబు చెప్తది సరే, నువ్వేం అడిగినవో నీకు తెలుసా అని మాత్రం ఒకసారి అంది. నాకు మాత్రం నామోషీగా ఉండేది. దీన్ని పెద్దది చేయాలని పట్టుబట్టాను. మా ఆఫీసు పరిచయాలతో హైదరాబాద్ నుంచి ముగ్గురు ఇంజనీర్లను ఒప్పించాను. జగిత్యాలలో ఏసీ హాలు, పెద్ద తెర, మైకు, ఫొటోగ్రాఫరు.

ఏర్పాట్లు మాట్లాడుకునేటప్పుడు, అక్కకు చెప్పే రివాజు ఈసారి తీసేద్దాం, వచ్చినవాళ్ళు నవ్వుకుంటారు అన్న మాట వచ్చింది. ఎవరో అన్నారని రాస్తే నాకు తేలిక. అన్నది నేనే. ఆమె నేర్పిన చదువుతో సంపాదించిన హోదాతో అన్నాను. మిగతావాళ్ళు నా ముఖం చూసి సరే అనేశారు.

అక్కకు ఫోన్ చేసి, ఈసారి పెద్దోళ్ళు వస్తున్నరు, నీకు బోర్ కొడ్తదేమో అన్నాను. రావద్దని చెప్పే ధైర్యం లేనివాళ్ళు ఇట్లాగే మాట్లాడతారు. ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా?

"నేనేం మాట్లాడనురా. ఎనుక కూసుంట," అంది.

వచ్చింది. పెళ్ళిళ్ళకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంది. హాలు నిండింది. ఇంజనీర్లు చెప్పారు, నేనూ చెప్పాను. సగానికి పైగా ఇంగ్లీషే. ముందు కూర్చున్న మా పిల్లలకు కూడా చాలామందికి ఎక్కలేదని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ ఆ రోజు ఎవరూ "మల్ల చెప్పు" అనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఎంత సంతోషమైందో దాచుకోను.

చాయ్ టైములో కిందికి దిగి వస్తుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏం చెప్పినవ్‌రా గంతసేపు? నాకు జర చెప్పు."

నా పక్కన హైదరాబాద్ ఇంజనీరు ఉన్నాడు. తర్వాత చెప్తా అక్కా అని చెయ్యి విడిపించుకుని నడిచాను. విడిపించుకున్నాననే రాయాలి, ఎందుకంటే ఆమె గట్టిగానే పట్టుకుంది. భోజనాల దగ్గర వెతికితే లేదు. బస్సు దొరకదని వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. పట్టపగలు జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సు దొరకకపోవడం ఏమిటి?

ఆ సాయంత్రమే ఫోన్ చేయాల్సింది. రేపు చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత, ఫోన్‌లో ఏం బాగుంటుంది, షాపుకు పోయి స్టూలు ముందు కూర్చుని చెబుదాం అనుకున్నాను. రుద్రంగిలో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే నాకు ఆ షాపు ఎంత దూరమని? ఐదు వారాలు గడిచాయి. ఆరో వారంలో ఆమె బిడ్డ మెసేజ్ పెట్టింది.

దినాలకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అక్కకు మేమంతా తమ్ముళ్ళం కాబట్టి మమ్మల్ని మామా అంటుంది. ఫ్లెక్సీ వేయించడానికి మంచి ఫొటో కావాలి, ఇంట్లో పాత పెళ్ళి ఫొటో తప్ప లేదు అంది. ఊరందరి పాస్‌పోర్టు ఫొటోలు తీసిన మనిషికి సొంత ఫొటో లేదు. మా దగ్గర ఇన్నేళ్ళ సమావేశాల ఫొటోలు వందలున్నాయని ధైర్యం చెప్పి వెతకడం మొదలుపెట్టాను.

ఒక్కదాంట్లోనూ ఆమె ముఖం లేదు. ప్రతి ఫొటోలోనూ చెప్పేవాడి ముఖం, చెప్పేవాడి చేతులు, చెప్పేవాడి ల్యాప్‌టాప్. అక్క ఉంది, అన్నిటిలోనూ ఉంది. స్టూలు మీద కూర్చుని వింటున్న ఆమె వీపు, జడ. చెప్పేవాణ్ణి ఫొటో తీయాలంటే వినేవాళ్ళ వెనక నిలబడాలి కదా, మేమంతా అట్లాగే తీశాం. ఎవరికీ ఆ పక్కకు పోయి తీయాలని తట్టలేదు.

చివరికి జగిత్యాల హాలు ఫొటోలు తెరిచాను. తెరవడం ఇష్టం లేక చివరికి వదిలాను. ఫొటోగ్రాఫరు వేదిక ఎక్కి, మాట్లాడుతున్న నా భుజం పక్కనుంచి జనాన్ని తీశాడు. ఆ ఒక్క ఫొటోలో చివరి వరుసలో అక్క ముఖం నిండుగా పడింది. పంపకుండా దాచేద్దామా అనుకున్నాను. పంపాను.

దినాల రోజు పొద్దున్నే కోరుట్ల పోయాను. షాపు షట్టర్‌కు అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. చుట్టుపక్కల వాళ్ళను తీసేసి ఆమెను ఒక్కదాన్నే పెద్దగా చేశారు. కింద ఆమె పేరు, మేమెవరమూ ఎప్పుడూ పిలవని పేరు. అక్క బిడ్డ వచ్చి పక్కన నిలబడింది.

"అచ్చం అమ్మ లెక్కనే ఉన్నది మామా. గప్పుడు ఎవరి ముచ్చట ఇంటున్నది?"

"నాదే."

"సమజైందా మరి?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ పిల్లకు కూడా అదే కావాలేమో.

"కాలే," అన్నాను. "చెప్పుమని అడిగింది. నేను చెప్పలే."

ఆ అమ్మాయి నావైపు తిరగలేదు. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. సందులోకి ఒక ముసలమ్మ ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని వచ్చింది, పైకి చూసింది, కవరు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ ఫొటో తీసింది నా పక్కనుంచి. కాబట్టి దాని ముందు ఎవరు నిలబడినా ఆమె వాళ్ళనే చూస్తుంది. ముందు కుర్చీ మీద ఒక చెయ్యి ఆనించి, కొంచెం ముందుకు వంగి, కనుబొమలు ముడిచి, నా నోటి నుంచి తనకు తెలిసిన మాట ఒక్కటైనా వస్తుందేమోనని వింటూ ఉంది.