సంతకాల పలకకు పూజ

కంప్యూటర్ నేర్చుకున్నవాడికి మిక్సీ బాగుచేయడం కూడా వచ్చి తీరుతుందని మా అనంతపురం గట్టిగా నమ్మిన రోజులవి. ఆ నమ్మకాన్ని పాడుచేయకుండా తల పంకించే వయసు నాది. డిగ్రీ అయ్యాక బజారులో ఒక కంప్యూటర్ కోర్సు కూడా ముగించి, మా చిన్నమామ డ్రిప్ పైపుల దుకాణంలో చేరాను. చేరానంటే ఉద్యోగమని కాదు, మామ "సూజ్జాంలే" అన్నాడు, అంతే. పనికొస్తే పర్మనెంటు, లేకపోతే మా నాయన వెంట శనక్కాయ చేలోకి. వాన రాని చేలో నాయనకే పని లేదు (ఆకాశం చూడటానికి ఇద్దరెందుకని నా వాదన). అందుకే ఆ దుకాణాన్ని గట్టిగా పట్టుకుని వేలాడాను.

మామకు కొత్తవస్తువుల పిచ్చి. రైతుల పేర్లు, ఊళ్ళు, బోర్ల లోతులు, ఎవరు ఏమని వాయిదా వేశారో అన్నీ దాచిపెట్టే కస్టమర్ల సాఫ్ట్‌వేర్ ఒకటి అప్పటికే కొన్నాడు. తర్వాత బెంగుళూరు పోయినప్పుడు, గీస్తే సంతకం నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కే పలక ఒకటి, దాని సాఫ్ట్‌వేర్‌తో సహా పట్టుకొచ్చాడు. ఈ రెండింటినీ కలపడం నా పని. రైతు పలక మీద సంతకం పెట్టగానే అది అతని పేజీలో చేరాలి, ఆర్డరు దానంతటదే బెంగుళూరు కంపెనీకి పోవాలి. ఆ రెండు సాఫ్ట్‌వేర్లేమో గట్టు తగాదా పడ్డ దాయాదుల్లా ఒకదాని మొహం ఒకటి చూసేవి కావు. వారాల తరబడి రాయబారం నడిపి ఎలాగో మాటలు కలిపాను. సంతకం అయ్యాక "పంపమంటారా?" అని అడిగే ఏర్పాటు కూడా చేశాను గానీ మామ ఒప్పుకోలేదు. "అడిగితే ఆలోచన చేస్తాడు, ఆలోచన చేస్తే లేసి పోతాడు. తీసేయప్పా దాన్ని," అన్నాడు. తీసేశాను.

ప్రారంభానికి మొదటి సంతకం పెట్టమని యాడికి అనే ఊరి పెద్దాయన్ని పిలిచాడు మామ. పెద్ద చీనీ (బత్తాయి) తోట, ఊళ్ళో తిరుగులేని మాట ఆయనవి. ఏడాదిగా దుకాణానికి వచ్చి, టీ తాగి, పైపు వంచి చూసి, మామ నాతో అన్న ఆ "సూజ్జాంలే" మాటే మామతో అని వెళ్ళిపోయేవాడు. ఈసారి తప్పదన్న ధీమాతో నేను ఆయన పేజీ తెరిచి, ఆర్డరంతా నింపి, సంతకానికి సిద్ధంగా ఉంచాను. ఆయన ఎంతకీ రాలేదు, ముహూర్తం దాటిపోతోందని మామ పూజ మొదలుపెట్టాడు. కొత్త ట్రాక్టరైనా పాత మోటారైనా బొట్టు పెట్టనిదే మాకు పని మొదలుకాదు. టెంకాయ కొట్టి, విభూతి తడిపి, మానిటర్‌కు మూడు గీతలు, కీబోర్డుకు మూడు గీతలు లాగి, అదే ఊపులో పలకకూ మూడు లాగి, నడుమ కుంకుమ బొట్టు గట్టిగా అద్దాడు. పెన్నయినా వేలయినా ఆ పలకకు ఒకటే. కంప్యూటర్ టింగుమంది. మామ భక్తిగా చెంపలు వేసుకున్నాడు. తెర మీద మాత్రం సంతకం అందిందనీ, ధన్యవాదాలనీ ఉంది. మామూలుగా అరగంట మూలిగే ఇంటర్నెట్ ఆ రోజు ఒక్క కూతకే కలిసి, ఆర్డరును బెంగుళూరులో దించేసింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, రద్దు చేయాలన్నా కస్టమరు అదే సంతకం మళ్ళీ పెట్టాలన్నారు. మామ నా వైపు చూసిన చూపులో శనక్కాయ చేను నాలుగు గట్లతో సహా కనిపించింది. పెద్దాయనకు ముందే చెబుదామంటే ఇద్దరికీ ధైర్యం చాలలేదు. లారీ వెళ్ళి ఆయన తోటలో పైపుల చుట్టలు దించేసింది, మర్నాడు ఆయన జీపు దుకాణం ముందు ఆగింది.

"నేను సంతకం పెట్టినానంట. యాడ పెట్టినానో సూపించప్పా," అన్నాడు పెద్దాయన, నెమ్మదిగా. అరిచినా బాగుండేది. ఆయన పేజీ తెరిచాను. సంతకం ఉండాల్సిన చోట మూడు అడ్డగీతలు, నడుమ ఒక చుక్క. మామ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవసాగాడు. చేసేదేమీ లేక పూజ సంగతంతా నేనే చెప్పేశాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. ఆయన నుదుట కూడా అవే మూడు గీతలు, అదే బొట్టు (వాళ్ళ ఇంటి దేవుడు లేపాక్షి వీరభద్రుడని మాకందరికీ తెలుసు). చూసి చూసి, చెప్పులు విడిచి, కంప్యూటర్‌కు దండం పెట్టుకున్నాడు.

"యాడాది నుంచి నేను తేల్సుకోలేకుంటే ఆయప్పే తేల్సినాడు. వాపసు పంపేదానికి నేనెవర్ని?" అన్నాడు. మామ ఊపిరి పీల్చుకునేలోగా కుర్చీ లాక్కుని కూర్చుని, "సంతకం ఆయప్పది. రేటు మాత్రం నేను సెప్తా," అన్నాడు.

రేటు ఆయన చెప్పిందే నిలిచింది. పోతూ పోతూ నా భుజం తట్టి, "వీన్ని ఉంచుకోప్పా, దేవుడు వీని మిషన్లోనే పలికినాడు," అని మామతో అన్నాడు. అలా నా ఉద్యోగం పర్మనెంటయింది. ఆ సాయంత్రమే "పంపమంటారా?" అనే ప్రశ్నను తిరిగి పెట్టేశాను, మామ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మామ పోయి చాలా కాలమైంది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది. ఇప్పుడు కొరియర్ అతను గుమ్మంలో ఫోన్ ముందుకు చాపి, వేలితో సంతకం పెట్టమంటాడు. మూడు అడ్డగీతలు లాగి, నడుమ ఒక చుక్క అద్దుతాను. అతను చూడను కూడా చూడడు. ఫోన్ టింగుమంటుంది. చెంపలు వేసుకోవడానికి చేతులు లేపి, ఎదురింటివాళ్ళు చూస్తున్నారేమోనని, గడ్డం గోక్కుని లోపలికి వచ్చేస్తాను.